అదే నా మాట

మా పార్టీలో మిగిలింది ఇద్దరం. ఆ ఇద్దరం మాట్లాడుకుని తొమ్మిదేళ్లయింది. బెంగళూరు నుంచి పనిగట్టుకుని వచ్చిన అమ్మాయికి ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక, ముందు మజ్జిగ తాగమన్నాను.

ఆ అమ్మాయి పేరు సింధుశ్రీ. పుట్టింది పావగడలోనే, చదువూ ఉద్యోగమూ బెంగళూరులో. చదువుకున్నవాళ్లు కొందరు కలిసి కొత్త పార్టీ పెడుతున్నారట. వై.ఎన్.హొసకోట బజారులో మా అంగడి ఎక్కడని నలుగురిని అడిగి వచ్చి, తాళ్లకీ గంపలకీ మధ్య నేను చూపించిన స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా విషయం చెప్పింది.

“మీ పార్టీ పేరులో ఉదార అనే మాట ఉండాది కదా సార్. ఆ పేరుతో రిజిస్టరైంది మీదొక్కటే. మీరు మాలో విలీనమైతే ఆ పేరు మాకు వస్తాది. సర్వసభ్య సమావేశం పెట్టి ఒక తీర్మానం చేసిస్తే చాలు. ఎంతమంది సభ్యులుండారు సార్?”

“ఇద్దరు.”

“తాలూకాకా?”

“పార్టీకి.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని బజారంతా అంటుంది, అది నిజమే, కానీ నవ్వనివాళ్ల మీద నాకు కోపం రాదు. గల్లా దగ్గర నుంచి లేచి ఆమె ఎదురుగా ఇంకో స్టూలు వేసుకుని కూర్చున్నాను. మొదటి నుంచీ చెప్పాను.

మాది ఉదార ప్రజాపక్షం. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు హనుమంతరాయప్ప మాష్టారు పావగడలో పెట్టారు. ఎవరి బతుకు మీద వాళ్లకే పెత్తనం ఉండాలి, ఎవరి మాట వాళ్లు భయం లేకుండా చెప్పగలగాలి, అంతే మా సిద్ధాంతం. గుర్తు కిటికీ. ఊళ్లలో ఉదార అన్నది ఎవరికీ నోరు తిరగలేదు. ఉద్దర పార్టీ అన్నారు, అంటే అప్పు పార్టీ. పార్టీ చూస్తే ఉద్దర పార్టీ, కార్యదర్శి చూస్తే శెట్టి, పైగా అంగడి పెట్టుకున్నవాడు. ఇంకేముంది, మొదటి నెలలోనే జనం మోకులూ గంపలూ ఉద్దరకు ఇమ్మని వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఆ కార్యదర్శిని నేనే, శ్రీనివాసమూర్తిని. నాతో పాటు మొదటి రోజే చేరినవాడు క్యాతగానచెర్లు రైతు నరసప్ప. ఇప్పుడు మిగిలిన ఆ రెండోవాడు అతనే.

మాష్టారు ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. పిల్లలు కొట్లాడుకుంటే ఆయన చేయించిన పనినే పార్టీలో నియమంగా పెట్టారు. ఎవరైనా ఎవరినైనా కాదనాలంటే, ముందు ఎదుటివాడి వాదన తానే చెప్పాలి. వెక్కిరించకుండా, తగ్గించకుండా, వాడు చెప్పినదానికంటే బాగా చెప్పాలి. అది విని ఎదుటివాడు “అదే నా మాట” అనాలి. అనేవరకూ కాదనడానికి వీల్లేదు. ఒక చర్చ అలా ముగియనిదే ఇంకో విషయం ఎత్తుకోవడానికీ వీల్లేదు.

మాది కర్ణాటకలోని తెలుగు తాలూకా, మేము మాట్లాడేది తెలుగు, రాసేది కన్నడం. పుస్తకంలో ప్రతి చర్చ కిందా రెండు వరుసలు రాసేవాణ్ణి. “ఎదుటి మాట చెప్పబడింది” అని కన్నడంలో ఒక వరుస. దాని కింద “అదే నా మాట” అని తెలుగు మాటే కన్నడ అక్షరాల్లో. దాన్ని మాత్రం మాష్టారు కన్నడంలోకి మార్చనివ్వలేదు. నోట వచ్చింది వచ్చినట్టే ఉండాలన్నారు.

ఈ పద్ధతి వల్ల మా పని ఎలా సాగేదో చెప్పనక్కర్లేదు. ఒక ఊళ్లో బోరింగు ఎక్కడ వేయించమని అర్జీ పెట్టాలన్న చర్చ మూడు ఆదివారాలు జరిగింది. నాలుగో ఆదివారానికి వేరే పార్టీవాళ్లు వేయించేశారు. అయినా మా తీర్మానాలకు లోటులేదు. కులం చూసి టిక్కెట్టు ఇవ్వకూడదు. సభ్యులు ఇంటి ఆడవాళ్ల పేర సగం ఆస్తి రాయాలి. ఊరేగింపుల్లో పటాకులు కాల్చకూడదు. అరవై ఒక్కమందిమి చేతులెత్తాం. పటాకుల తీర్మానం మాత్రం చాలా ఏళ్లు పాటించాం.

సమావేశాలు ఎక్కువగా నరసప్ప ఇంట్లోనే జరిగేవి. పదిమందిమి పోయినా ఇరవైమందిమి పోయినా అతని భార్య పుట్టమ్మ రాగిముద్దలు కెలికి, శెనక్కాయల ఊరుబిండి పచ్చడి నూరి పెట్టేది. మేము తిని వాదనకు కూర్చుంటే ఆమె కొడవలి తీసుకుని చేనికి పోయేది. ఒక్కసారీ మాతో కూర్చోలేదు. కూర్చోమని ఎవరమూ అనలేదు.

మొదటి విలీనం ఎనభై నాలుగులో. ఒక పెద్ద పార్టీ రమ్మంది. కలవాలని నేను, వద్దని నరసప్ప. నియమం ప్రకారం నరసప్ప లేచి ముందు నా వాదన చెప్పాడు.

“శెట్టి చెప్పేది ఇది. కిటికీ ఒకటి ఉంటే చాలదు, అది పెట్టేదానికి గోడ ఉండల్ల. గోడ లేని కిటికీ గాలికి పడిపోతాది. పెద్ద పార్టీ గోడ. మనం పోయి దానికి కిటికీ పెడదాం, లోపలున్నోళ్లకు ఇంత గాలి వస్తాది.”

ఇంత బాగా నేను చెప్పలేదు. నాకు తోచనే లేదు. లేచి నిలబడి “అదే నా మాట” అన్నాను. ఒకడు తన మాట ఓడిపోతుందని తెలిసి కూడా ఎదుటివాడి మాటకు అంత మర్యాద చేయడం నేను అంతవరకూ చూడలేదు. తర్వాత అతను తన మాట చెప్పాడు.

“గోడ వానిదప్పా. వానికి ఇష్టం లేని పొద్దు కిటికీ పూడ్చేస్తాడు.”

ఓట్లలో నేనే గెలిచాను. ఓడిన నరసప్ప జెండా భుజాన వేసుకుని అందరికంటే ముందు బస్సెక్కాడు.

పెద్ద పార్టీ మొదటి సభలోనే అతను అధ్యక్షుడి ప్రతిపాదనను కాదనడానికి లేచాడు. అలవాటు ప్రకారం ముందు అధ్యక్షుడి వాదన చెప్పాడు, ఆయన చెప్పినదానికంటే పదింతలు బాగా. చెప్పి, ఆయన “అదే నా మాట” అంటాడని నిలబడ్డాడు. హాలంతా చప్పట్లు. అధ్యక్షుడు దిగి వచ్చి నరసప్ప మెడలో దండ వేసి తర్వాతి విషయానికి పోయాడు. కాదనడానికి లేచినవాడు దండతో ఇంటికొచ్చాడు. మేము రెండేళ్లు నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు. సముద్రంలో కాకిరెట్ట అంటారే, అదీ మా సంగతి. బయటికి వచ్చేశాం. అరవై ఒక్కమందిమి పోతే ఇరవై ఇద్దరం తిరిగొచ్చాం.

రెండోది తొంభై ఆరులో, చిత్రదుర్గం వైపు మాలాంటిదే ఇంకో చిన్న పార్టీతో. కుంటివాడికి కుంటివాడు తోడు. కలిపిన పేరులో ఎవరి మాట ముందు రావాలన్నదే నాలుగు నెలలు తేలలేదు. విడిపోయేటప్పుడు వాళ్లు గుర్తు తీసుకుపోయారు.

“శెట్టీ, గోడ మొదటే లేదు. ఇప్పుడు కిటికీ కూడా పాయె. ఇంక మనకు మిగిలింది గాలే” అన్నాడు నరసప్ప.

రెండువేల అయిదులో, వెంకటమ్మనహళ్లిలో పోలీసు క్యాంపు మీద నక్సలైట్ల దాడి జరిగిన ఏడు, మాష్టారు పోయారు. ఆ తర్వాత మిగిలినవాళ్లు ఒకరొకరే పెద్ద పార్టీల్లో కలిసిపోయారు, లేకపోతే మట్టిలో కలిసిపోయారు. రెండింటికీ మనవాళ్లు వాడే మాట ఒకటే. చివరికి నరసప్ప అధ్యక్షుడు, నేను కార్యదర్శి, సభ్యులమూ మేమే. చింత చచ్చినా పులుపు చావలేదు. నెలకో ఆదివారం ఇద్దరమే కూర్చునేవాళ్లం. ఒకరి మాట ఒకరం చెప్పుకునేవాళ్లం. నేను రాసేవాణ్ణి, అతను సంతకం పెట్టేవాడు. నిజం చెప్పాలంటే పార్టీ అంత బాగా ఎప్పుడూ నడవలేదు.

తొమ్మిదేళ్ల కిందట సోలార్ పార్కు వచ్చింది. ఊళ్లకు ఊళ్లు భూములు ఇరవై ఎనిమిదేళ్లకు లీజుకు రాసిస్తున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. దున్నే చేతి నుంచి భూమి పోతే రైతుకు పెత్తనం ఎక్కడ మిగులుతుంది? కూలోళ్లను ఎవరు అడిగారు? ఆదివారం పుస్తకంలో తేదీ వేసి, విషయం రాసి, మన పార్టీ ఊరూరా తిరిగి వద్దని చెప్పాలన్నాను.

నరసప్ప చాలాసేపు చాప మీద పుల్లతో గీతలు గీశాడు. తర్వాత తల ఎత్తి అన్నాడు.

“మేము ఇస్తా ఉండామప్పా.”

నా చెవులను నేను నమ్మలేదు. నలభై ఏళ్లు పెత్తనం, పెత్తనం అని ఊళ్లు తిరిగిన మనిషి.

“నా మాట చెప్పు శెట్టీ” అన్నాడు అతను. “చెప్పినంక తిట్టు. ఎంత తిట్టినా పడతా.”

“నీ మాట చెప్పేదానికి ఏముండాది? దుడ్డు. రెండక్షరాలు. దానికి మాష్టారి పద్ధతి ఒకటా?”

అన్నాను. ఆ మాట నేనే అన్నాను. పుట్టమ్మ వాకిలి దగ్గర చాట పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముందుకొచ్చి, “మూర్తన్నా, ఒక మాట” అంది.

“నువ్వు ఊరుకో పుట్టమ్మా. ఇది పార్టీ మాట.”

ఆమె ఊరుకుంది. నరసప్ప ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను పుస్తకం చంకన పెట్టుకుని వచ్చేశాను. ఆ పేజీలో తేదీ, విషయం ఉన్నాయి. కింద ఏమీ లేదు.

అతను వస్తాడని నేను చూశాను. నేను వస్తానని అతను చూసి ఉంటాడు. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ఏళ్లు గడిచాయి. ఈలోగా తాళ్లూ మోకులూ కొనేవాళ్లు తగ్గి, సోలార్ పలకలు తుడిచే పొడుగు కర్ర చీపుర్లకు గిరాకీ పెరిగింది. సోలార్‌ను తిట్టిన నోటితోనే ఆ చీపుర్లు బాగుంటాయని చెప్పి అమ్మాను. నరసప్ప ఉంటే దీని మీద ఎన్ని మాటలు అనేవాడో.

“కాబట్టి తల్లీ” అన్నాను సింధుశ్రీతో, “విలీనం మాట ఎత్తాలంటే ముందు ఆ చర్చ ముగియాలి. అది ముగియాలంటే నేను అతని మాట చెప్పాలి. అతను అదే నా మాట అనాలి.”

“అయితే పోయి చెప్పండి సార్” అంది ఆమె, అదేదో పక్క వీధిలో పని అయినట్టు. “ఇన్నేండ్లు అయినాక ఇంకా ఏం కోపం?”

కోపం రెండేళ్లకే పోయింది. తర్వాత మిగిలింది సిగ్గు. ఉగాదికి ముందు అతనికి పక్షవాతం వచ్చిందని బజారులో విన్నప్పుడు కూడా ఆ సిగ్గే కాళ్లకు అడ్డం పడింది. ఆ అమ్మాయి తెచ్చిన విలీనం నాకు ఒక సాకు. నాకు కావలసింది నరసప్ప నోటి నుంచి ఆ మూడు మాటలు. అవి వినకుండా చావకూడదని ఉంది.

ఆదివారం పుస్తకం సంచిలో పెట్టుకుని పావగడలో బస్సు మారి క్యాతగానచెర్లు పోయాను. ఊరు దగ్గరయ్యేకొద్దీ రోడ్డుకు రెండు వైపులా పలకలే. దూరం నుంచి చెరువులు నిండినట్టు కనబడతాయి, దగ్గరికి పోతే చుక్క నీళ్లుండవు. దారి పొడుగునా నరసప్ప మాటను నాలో నేను చెప్పుకుంటూ పోయాను. పక్క సీటాయన నన్ను చూసి జరిగి కూర్చున్నాడు.

నరసప్ప మంచం మీద ఉన్నాడు. కుడి చెయ్యి పడిపోయింది. మూతి ఒక పక్కకు పోయింది. మాట పోయింది, ఒకటి రెండు ముక్కలు మాత్రం కష్టం మీద వస్తాయని పుట్టమ్మ చెప్పింది. నన్ను చూసి అతని ఎడమ కన్ను నీళ్లు పెట్టుకుంది. నేను స్టూలు లాక్కుని, సభలో నిలబడినట్టే మొదలుపెట్టాను.

“నరసప్ప చెప్పేది ఇది. భూమి నాది. దున్నేది నా ఇష్టమైతే, దున్నకుండా ఉండేదీ నా ఇష్టమే. బోరు ఎనిమిది వందల అడుగులు పోయినా దుమ్మే వస్తా ఉండాది. వాన రాదు. పిల్లోళ్లు బెంగళూరు ఫ్యాక్టరీలకు పాయిరి. రైతు ఎండిపోతా ఉంటే చూసి, ఎండిపో, ఇవ్వద్దు అని చెప్పే హక్కు పార్టీకి యాడిది? పార్టీ కోసం రైతా, రైతు కోసం పార్టీనా?”

బాగా చెప్పాననుకున్నాను. అతను కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత ఎడమ చేతి వేలు కదిలింది.

“కా... దు.”

నేను మళ్లీ చెప్పాను. ఊరంతా ఇచ్చినాక నడుమ ఒక్కని చేను మిగిలితే దారి ఉండదని, పక్కవాళ్లతో వైరం వస్తుందని, అది చూసుకునే ఇచ్చావని చెప్పాను.

“కాదు.”

ఈసారి ఎడమ చెయ్యి పూర్తిగా ఎత్తి వాకిలి వైపు చూపించాడు. అక్కడ పుట్టమ్మ నిలబడి ఉంది.

“పుట్టమ్మా, నీళ్లు అడుగుతా ఉండాడు” అన్నాను.

ఆమె నీళ్లు తెచ్చి తాగించబోయింది. అతను తాగలేదు. నీళ్లు మూతి పక్క నుంచి మెడ మీదికి కారాయి. ఆమె కొంగుతో తుడిచి నా వైపు చూసింది. ఏదో చెప్పాలని ఉన్నట్టుంది. కానీ ఒకసారి నేను ఊరుకోమన్న ఇల్లు అది, ఆమె ఊరుకుంది.

లేచేటప్పుడు అతని ఎడమ చేతిని పట్టుకున్నాను. “వచ్చే ఆదివారం వస్తా నరసప్పా. ఈసారి సరిగ్గా చెప్తా” అన్నాను. అతను నా చూపుడు వేలు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మొహంలో పనిచేసే సగం నవ్వింది.

గురువారం పోయాడు.

మూడో రోజు పాలు పోయడానికి వెళ్లాను. భూమి లీజుకిచ్చినా వాళ్ల పెద్దల సమాధులున్న రెండు గుంటల జాగా పుట్టమ్మ ఇవ్వకుండా ఉంచుకుందట. నరసప్పను అక్కడే పెట్టారు. చుట్టూ కంచె, కంచె అవతల పలకలు. వచ్చినవాళ్లు పాలు పోసి, తిని, బస్సులకు పోయారు. నేను పోలేదు. పంచలో పుట్టమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఎదురుగా నేను కూర్చున్నాను.

“నేను యాడ తప్పినా పుట్టమ్మా?” అన్నాను. “రెండుసార్లు చెప్పినా. రెండుసార్లూ కాదనె. ఆ పొద్దు నువ్వేదో చెప్పబోతే నేను ఊరుకోమంటి. ఇప్పుడన్నా చెప్పు.”

ఆమె లేచి లోపలికి పోయి, పెట్టెలోంచి పాత కాగితం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. పహణి. భూమి ఎవరిదో చెప్పే సర్కారు కాగితం.

“చదువన్నా.”

అద్దాలు పెట్టుకుని చదివాను. యజమాని పేరు దగ్గర కన్నడంలో “పుట్టమ్మ కోం నరసప్ప” అని ఉంది. పుట్టమ్మ, నరసప్ప భార్య. ఏడెకరాలకూ అదే పేరు.

“మాష్టారు తీర్మానం చేయించిన నెలలోనే రాయించినాడు” అంది పుట్టమ్మ. “నేను సగం చాలంటి. సగం పెత్తనం పెత్తనమే కాదన్న్యాడు.”

ఆ తీర్మానం పుస్తకంలో రాసింది నేను. చేతులెత్తిన అరవై ఒక్కమందిలో నేనూ ఉన్నాను. మా అంగడీ ఇల్లూ ఇప్పటికీ నా పేరు మీదే ఉన్నాయి. నా భార్య వసుమతి పేర ఆ గోడకు కొట్టిన మేకు కూడా లేదు. అలాంటి తీర్మానం ఒకటి చేశామన్న జ్ఞాపకమే నాకు లేదు.

“లీజుకు ఇచ్చింది నేనన్నా. ఆయప్ప వద్దనే అన్న్యాడు. నువ్వు ఆ పొద్దు చెప్పినావే, మాటకు మాట అదే. ఈ పంచలోనే ఇద్దరమూ కూర్చుంటిమి. ముందు నా మాట ఆయప్పే చెప్పినాడు. అదే నా మాట అంటి. మళ్లా ఆయప్ప మాట నేను చెప్పినా. నవ్వి, అదే నా మాట అన్న్యాడు. భూమి నాది, నేనిస్తానంటి. సరే అన్న్యాడు. అంతే. మళ్లా ఒక్క పొద్దు కూడా ఆ మాట ఎత్తి నన్ను పొడవలేదు.”

మేము ఇస్తా ఉండామప్పా అన్నాడు నరసప్ప. నేను ఇస్తా ఉండా అనలేదు. నలభై ఏళ్లు అతని మాటలు రాసినవాణ్ణి, ఆ ఒక్క మాట తేడా నా చెవిన పడలేదు. ఈ తాలూకాలో నాతో ఏకీభవించిన మనిషి ఒక్కడే ఒక్కడు. పోయి అతన్నే అమ్ముడుపోయావని తిట్టి వచ్చాను. తొమ్మిదేళ్ల తర్వాత వెళ్లి అతనికి అతనిది కాని మాట రెండుసార్లు చెప్పాను. వాకిట్లో నిలబడిన మనిషిని చూపిస్తే నీళ్లు తెమ్మన్నాను.

“నాకు చెప్పచ్చు కదా?” అన్నాను. “పుట్టమ్మ ఇస్తా ఉండాది, నేను వద్దంటి అని ఒక్క మాట.”

“నేనూ అదే అడిగితి. పెండ్లాం చాటున దాక్కునేదానికా నీ పేరు మీద రాయించింది అన్న్యాడు. తీర్మానం రాసింది శెట్టే, వానికే గుర్తొస్తాది, వచ్చి నా మాట చెప్తాడు, చూస్తా ఉండు అన్న్యాడు. ఆదివారం బస్సు చప్పుడైతే వాకిట్లోకి పోయి చూస్తా ఉండె.”

తొమ్మిదేళ్ల ఆదివారాలు. నేను తల వంచుకుని ఏడ్చాను. డెబ్బై నాలుగేళ్లకు పరాయి ఇంటి పంచలో అంత ఏడుపు వస్తుందనుకోలేదు. ఆమె ఆపమనలేదు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని అడిగాను. “నీ మాట ఏంది పుట్టమ్మా? ఎందుకిచ్చినావు?”

అడిగాక తెలిసింది, ఆమెను నేను ఏదైనా అడగడం ఇదే మొదటిసారని.

“మీరు రైతు, రైతు అని మాట్లాడతా ఉంటిరి కదన్నా. ఈ ఇంట్లో రైతు నేను. ఆయప్ప మీ మీటింగులకు, మీ జెండాలకు. ఏడెకరాలకూ విత్తనం పోసింది, కలుపు తీసింది, శెనక్కాయ పీకింది నేను. ముప్పై అయిదేండ్లు. ఒక్క వానాకాలమన్నా ఆకాశం తట్టు చూడకుండా పండుకోవల్లని ఉండె. అంతే నా మాట.”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. నేను సంచిలోంచి పుస్తకం తీశాను. పెన్ను మూత తీశాను.

“నీ పేరు రాస్తా పుట్టమ్మా. సభ్యురాలని.”

“ఇప్పుడా అన్నా?” అంది ఆమె.

పుస్తకం మూసేశాను.

బస్సుకు ఇంకా టైముంది. ఇద్దరం సమాధి దగ్గరికి పోయాం. పొద్దున పోసిన పాలకు మట్టి ఇంకా తడిగానే ఉంది. చెప్పులు విడిచి, ఎప్పుడూ సమావేశంలో నిలబడినట్టే నిలబడ్డాను.

“నరసప్ప చెప్పేది ఇది” అన్నాను. “భూమి పుట్టమ్మది. ఇచ్చేది వద్దని నా అభిప్రాయం. ఆ మాట ఆయమ్మకు చెప్పినా. ఆయమ్మ నా మాట సరిగ్గా విని, అయినా ఇస్తాననింది. నాకు నచ్చిన పని ఆయమ్మ చేస్తే సరే అనేదానికి పార్టీ ఎందుకప్పా? ఎవడైనా అంటాడు. నాకు నచ్చని పని ఆయమ్మ చేసినప్పుడు సరే అనేదానికే పార్టీ. నేను పార్టీని విడిచింది లేదు శెట్టీ. ఆ పొద్దు పార్టీలో ఉండింది నేనొక్కడినే.”

ఇంతకంటే బాగా నేను ఎవరి మాటా ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి, అలవాటు కొద్దీ ఆగాను. పలకల మీద ఎవరో నీళ్లు కొడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. పుట్టమ్మ, “ఆయప్ప ఉండింటే...” అని మొదలుపెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు సింధుశ్రీకి ఫోను చేసి విలీనం కుదరదని చెప్పాను. చర్చ ఇంకా ముగియలేదన్నాను. “ఎప్పుడు ముగుస్తాది సార్?” అని అడిగింది. తెలియదమ్మా అన్నాను.

అంగడి తెరవకుండా వెనక గదిలో కూర్చుని తొమ్మిదేళ్ల కిందటి పేజీ తీశాను. తేదీ కింద, విషయం కింద, కన్నడంలో “ఎదుటి మాట చెప్పబడింది” అని రాశాను. దాని కింద ఇంకో వరుస ఉండాలి. కానీ చెప్పవలసిన మనిషి చెబితేనే దాన్ని రాయాలని నియమం. నలభై ఏళ్లలో ఆ మాట ఒక్కసారి కూడా నా అంతట నేను రాయలేదు. సిరా ఆరేదాకా చూసి, ఆ వరుస ఖాళీగా వదిలి పుస్తకం మూశాను.